సన్నని పోగే రియాక్టర్ అయితే: పాలిమర్ పోగుల్లో రసాయన చర్యలు ఎలా జరుగుతాయి, ఎంతవరకు పనికొస్తాయి

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు పావెల్ ఆంజెన్‌బాకర్, మాన్యుయెల్ పలాసియోస్ 2009లో 'నేచర్ కెమిస్ట్రీ' పత్రికలో ఒక ప్రయోగాన్ని వివరించారు. ఒక రసాయనం కలిపిన అతి సన్నని పాలిమర్ పోగులకు అడ్డంగా, ఇంకో రసాయనం కలిపిన పోగులను వేశారు. పోగులు గట్టిగా, పొడిగా ఉన్నంతసేపూ ఏమీ జరగదు. కాస్త వేడి చేసినా, ద్రావణి (పదార్థాలను కరిగించే ద్రవం) ఆవిరి తగిలించినా అవి ఒకదాన్నొకటి దాటే చోట మెత్తబడి కలిసిపోతాయి. ఆ కూడలిలో రెండు రసాయనాలూ కలిసి చర్య మొదలవుతుంది. ఒక్కో కూడలిలో పాల్గొనే అణువులు కొన్ని వేలు, లేదా అంతకన్నా తక్కువ.

ఇలాంటి పరిశోధనల గురించి చదివినప్పుడు 'పోగుల్లో ఫ్యాక్టరీ', 'వెంట్రుక కన్నా సన్నని రియాక్టర్' వంటి మాటలు కనిపిస్తాయి. కానీ ఆ మాటల వెనుక కనీసం మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. ఒకదానిలో పోగులు కలిసే చోటే రియాక్టర్. ఇంకోదానిలో పోగు గోడకు ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా చర్యను వేగవంతం చేసే పదార్థం, అంటించి ఉంటుంది. మూడోదానిలో పోగు లోపల బోలుగా ఉండి, అందులో ఎంజైములో బ్యాక్టీరియానో ఉంటాయి. ఒకదాని ఫలితాన్ని చూపించి ఇంకోదాని గురించి ఆశ పెట్టుకోవడం వల్లే ఎక్కువ గందరగోళం వస్తోంది. నా దృష్టిలో ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: అణువులు ప్రయాణించాల్సిన దూరం బాగా తగ్గడం. లాభాలూ నష్టాలూ దాదాపు అన్నీ అక్కడి నుంచే వస్తాయి.

## ముందు కొన్ని మాటల అర్థాలు

రసాయన శాస్త్రంలో రియాక్టర్ అంటే చర్య జరిగే పాత్ర. అణు విద్యుత్ కేంద్రంతో ఇక్కడ పని లేదు. గాజు బీకరైనా, మందుల పరిశ్రమలో వేల లీటర్ల స్టీలు ట్యాంకైనా రియాక్టరే. మంచి రియాక్టర్ మూడు పనులు చేయాలి. కలవాల్సిన పదార్థాలను కలపాలి, పుట్టే వేడిని అదుపులో పెట్టాలి, తయారైనదాన్ని బయటికి తీసుకునే దారి ఇవ్వాలి. ఈ మూడో పనిని గుర్తు పెట్టుకుంటే తర్వాత వచ్చే వాదనలు తేలిగ్గా అర్థమవుతాయి.

పాలిమర్ అంటే చిన్న అణువులు వరసగా గొలుసులా అతుక్కుని ఏర్పడిన పొడవైన అణువు. నైలాన్, పాలీయురేథేన్, పాలీస్టైరీన్ అలాంటివే. గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉండటం వల్లే పాలిమర్ ద్రావణాన్ని లాగితే చుక్కలుగా తెగిపోకుండా పోగులా సాగుతుంది.

మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు. నానోమీటరు అందులో వెయ్యో వంతు. మనిషి తల వెంట్రుక మందం సుమారుగా 50 నుంచి 100 మైక్రాన్లు. ఈ రంగంలో ఒక మైక్రాన్ కన్నా సన్నవాటిని నానో పోగులనీ, అంతకన్నా లావువాటిని మైక్రో పోగులనీ అనడం అలవాటు. మిగతా నానోటెక్నాలజీలో 100 నానోమీటర్ల లోపు ఉంటేనే నానో అంటారు కాబట్టి, ఒకే పోగును ఇద్దరు రెండు పేర్లతో పిలవడం కనిపిస్తుంది. తుడుచుకునే గుడ్డల మీద 'మైక్రోఫైబర్' అని రాసి ఉండేది వేరే సంగతి. అది బట్టల పరిశ్రమ మాట.

## విద్యుత్తు లాగితే పోగు ఎలా వస్తుంది

ఈ పోగులను ఎక్కువగా ఎలక్ట్రోస్పిన్నింగ్ అనే పద్ధతిలో తీస్తారు. సిరంజిలో పాలిమర్ ద్రావణం పోసి, సూదికి 10 నుంచి 30 కిలోవోల్టుల విద్యుత్తు ఇస్తారు. పది, ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఒక లోహపు పలక ఉంటుంది. సూది చివర వేలాడే చుక్కలో విద్యుదావేశం పేరుకుంటుంది. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి చుక్క విడిపోవాలని చూస్తుంది. తలతన్యత దాన్ని గుండ్రంగా పట్టి ఉంచాలని చూస్తుంది. చుక్క ఎంత ఆవేశాన్ని తట్టుకుంటుందో లార్డ్ రేలీ 1882లోనే లెక్కగట్టాడు. వోల్టేజి ఒక హద్దు దాటితే చుక్క శంకువు ఆకారంలోకి మారి, దాని కొన నుంచి సన్నని ధార బయల్దేరుతుంది. ఆ శంకువు అర్ధకోణం 49.3 డిగ్రీలని జెఫ్రీ టేలర్ 1964లో చూపించాడు. అందుకే దాన్ని టేలర్ శంకువు అంటారు.

ధార కొంతదూరం తిన్నగా పోయి, ఆ తర్వాత సుడులు తిరుగుతూ విపరీతంగా సాగుతుంది. కంటికి అది చాలా పాయలుగా చీలినట్టు కనిపిస్తుంది. చాలాకాలం అలాగే అనుకున్నారు కూడా. అత్యంత వేగంగా తీసిన ఫొటోల్లో చూస్తే, సాధారణంగా అది ఒకే ధార అనీ, ఊగిపోవడం వల్లే అలా కనిపిస్తుందనీ తేలింది. ఆక్రన్ యూనివర్సిటీలో డారెల్ రెనెకర్ బృందం చేసిన పని ఈ విషయంలో ముఖ్యమైనది. ఈ ప్రయాణంలోనే ద్రావణి ఆవిరైపోయి, పలక మీదికి గట్టి పోగు చేరుతుంది. అంతా సెకను కూడా పట్టదు.

పద్ధతి కొత్తదేమీ కాదు. 1902లోనే జాన్ కూలీ దీనికి దగ్గరి పేటెంటు తీసుకున్నాడు. 1934లో ఆంటన్ ఫార్మాల్స్ దీంతో దారం తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. సోవియట్ యూనియన్‌లో 1930ల చివర్లోనే ఇలాంటి పోగులతో గాలి వడపోత పొరలు చేశారు. 1990లలో ప్రయోగశాలల్లో ఆసక్తి మళ్లీ పెరిగింది. ఇందులో రియాక్టర్ ఆలోచనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ద్రావణంలో ఏం కలిపితే అది పోగులో చిక్కుకుంటుంది. రంగు, లోహపు రేణువు, ఎంజైము, బతికున్న సూక్ష్మజీవి ఏదైనా సరే. పోగు తీయడమూ సరుకు నింపడమూ ఒకే దశలో అయిపోతాయి.

## కూడలిలో ఎంత పడుతుంది? ఒక లెక్క

రెండు కొవ్వొత్తులను అడ్డంగా పెట్టి కాస్త వేడి తగిలిస్తే తాకిన చోట మైనం కలిసిపోయినట్టే, పోగులూ కూడలి దగ్గర కలిసిపోతాయి. ఆ చోటు ఎంత చిన్నదో అంకెల్లో చూద్దాం.

ముందు కొలత. 100 నానోమీటర్ల భుజం ఉన్న ఘనం ఊహించుకోండి. అందులో పట్టేది ఒక ఆటోలీటరు. లీటరును ఎన్ని భాగాలు చేస్తే ఇది వస్తుందో రాయాలంటే 1 పక్కన 18 సున్నాలు పెట్టాలి.

ఇప్పుడు 200 నానోమీటర్ల మందం ఉన్న పోగు తీసుకుందాం. కూడలిలో దాని వాటాగా 200 నానోమీటర్ల పొడవైన ముక్క చేరుతుందనుకుంటే, ఆ ముక్క ఘనపరిమాణం సుమారు 6.3 ఆటోలీటర్లు. పోగులో రసాయనం గాఢత లీటరుకు ఒక మిల్లీమోల్ అనుకుందాం. అప్పుడు ఆ ముక్కలో ఉండేది 6.3 జెప్టోమోళ్లు. ఒక మోల్‌లో 6.022 × 10²³ అణువులుంటాయి, జెప్టోమోల్ అంటే 10⁻²¹ మోల్. కాబట్టి ఒక జెప్టోమోల్‌లో ఉండేది సుమారు 602 అణువులే. మన కూడలికి ఒక్కో పోగు తెచ్చేది 3,800 అణువులు. 'కొన్ని వేల అణువులు' అన్న మాట అలంకారం కాదు, అక్షరాలా నిజం.

ఇంత తక్కువ సరుకుతో చర్య జరిగిందని ఎలా తెలుస్తుంది? సాధారణంగా విడివిడిగా వెలగని రెండు పదార్థాలను ఎంచుకుంటారు. అవి కలిస్తే వచ్చే పదార్థం మాత్రం తగిన కాంతి పడినప్పుడు ప్రతిదీప్తితో వెలుగుతుంది. మైక్రోస్కోపులో చూస్తే పోగులు చీకటిగా, కూడళ్లు మాత్రం చుక్కలుగా వెలుగుతూ కనిపిస్తాయి. వెలుగు ఒక్కటే చాలదు, వచ్చింది అనుకున్న పదార్థమేనా అని కూడా చూడాలి. అందుకే 2009 ప్రయోగంలో చాలా కూడళ్లలో వచ్చిన పదార్థాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో, అంటే అణువుల ద్రవ్యరాశిని కొలిచే పద్ధతితో, కూడా గుర్తించారు. నాకు ఈ ప్రయోగంలో ఎక్కువ నచ్చేది ఈ జాగ్రత్తే.

## దూరం తగ్గితే సమయం ఎంత తగ్గుతుంది

కలపకుండా వదిలేస్తే అణువులు తమంతట తామే అటూ ఇటూ కదులుతూ విస్తరిస్తాయి. దీన్ని వ్యాపనం అంటారు. ఇందులో ఒక ముఖ్యమైన నియమం ఉంది: పట్టే సమయం దూరంతో కాదు, దూరం వర్గంతో పెరుగుతుంది. దూరం పది రెట్లయితే సమయం వంద రెట్లు.

నీళ్లలో చిన్న అణువు ఒక సెంటీమీటరు వ్యాపనం చెందడానికి దాదాపు 14 గంటలు పడుతుంది. అందుకే బీకరులో గరిటో, అయస్కాంతపు కడ్డీయో తిప్పాలి. అదే అణువుకు అదే నీళ్లలో 200 నానోమీటర్లు దాటడానికి సుమారు 20 మైక్రోసెకన్లు చాలు. అంత చిన్న చోట కలియబెట్టడం అనే పనే అక్కర్లేదు.

అయితే పోగు లోపల నీళ్లు లేవు, గట్టి పాలిమర్ ఉంది. చాలామంది దాటేసే చిక్కు ఇదే. గట్టి పాలిమర్‌లో వ్యాపనం నీళ్లలో కన్నా కోటి రెట్లు నెమ్మదిగా ఉండొచ్చు, ఇంకా నెమ్మదిగానూ ఉండొచ్చు. కోటి రెట్లే అనుకున్నా, ఆ 20 మైక్రోసెకన్లు కాస్తా మూడు నిమిషాలకు పైగా అవుతాయి. అంటే చిన్న పాత్ర వల్ల వచ్చిన లాభంలో చాలా భాగాన్ని పాలిమర్ తినేస్తుంది.

కానీ ఇదే లోపం ప్రయోగానికి ఒక సౌకర్యం కూడా. ప్రతి పాలిమర్‌కూ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. దానికి దిగువన గాజులా బిగుసుకుని ఉంటుంది, పైకి వెళితే గొలుసులు కదలడం మొదలుపెట్టి రబ్బరులా మెత్తబడుతుంది. ద్రావణి ఆవిరి కూడా గొలుసుల మధ్య దూరి ఇదే పని చేస్తుంది. కాబట్టి చల్లగా, పొడిగా ఉన్నప్పుడు రసాయనాలు ఉన్నచోటే ఉంటాయి. వేడి చేసినప్పుడో, ఆవిరి తగిలినప్పుడో కదులుతాయి. చర్య ఎప్పుడు మొదలవ్వాలో ప్రయోగం చేసేవాళ్ల చేతిలో ఉంటుంది. ద్రవపు చుక్కలతో ఇంత తేలిగ్గా ఇది కుదరదు. పైగా ఆటోలీటరు చుక్క బయటపెడితే క్షణంలో ఆవిరైపోతుంది, పోగు అలాగే ఉంటుంది.

## అణువులు తక్కువైతే సగటుకు అర్థం మారుతుంది

బీకరులో గాఢత అంటే నమ్మకమైన అంకె. కూడలిలో అలా కాదు. అణువులు పోగులో యాదృచ్ఛికంగా పరుచుకుని ఉంటే, సగటున 3,800 ఉండాల్సిన చోట ఒక్కో కూడలిలో ఆ సగటు నుంచి తేడా మామూలుగా 62 అటూ ఇటూ ఉంటుంది. అంటే 1.6 శాతం, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు గాఢతను వెయ్యో వంతుకు తగ్గిద్దాం. సగటు 3.8 అణువులు అవుతుంది, తేడా దాదాపు 2. సగటులో సగం! ప్రతి వంద కూడళ్లలో రెండింటిలో ఒక్క అణువు కూడా ఉండదు. రెండు పోగుల్లోనూ ఇదే జరుగుతుంది కాబట్టి ఒక కూడలిలో ఒక రసాయనం ఎక్కువ, ఇంకోదానిలో రెండోది ఎక్కువ అవుతుంది. గాఢత సమానంగా పెట్టాం అన్న మాట ఒక్కో కూడలికి వర్తించదు.

ఈ ఊగిసలాటను ఇబ్బందిగా చూసేవాళ్లున్నారు, అవకాశంగా చూసేవాళ్లూ ఉన్నారు. ఒకే నమూనాను మళ్లీ మళ్లీ తయారు చేయాలనుకునేవారికి ఇది తలనొప్పి. జీవకణాల్లో చాలా చర్యలు కొద్దిపాటి అణువులతోనే నడుస్తాయి కాబట్టి, అలాంటి పరిస్థితిని బయట పరీక్షించాలనుకునేవారికి ఇది కావలసిందే. రెండు అభిప్రాయాలూ సరైనవే, ఎందుకంటే అడుగుతున్న ప్రశ్నలు వేరు.

## చిన్న చోట చర్య వేగం పెరుగుతుందా?

ఇది వేడిగా వాదన నడుస్తున్న విషయం. పోగుల్లో కాదు, వాటికి దగ్గరి బంధువులైన సూక్ష్మ ద్రవ బిందువుల్లో. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జేర్, పర్డ్యూలో గ్రాహమ్ కుక్స్ బృందాలు, కొన్ని చర్యలు తుంపరల్లో బీకరులో కన్నా చాలా వేగంగా జరుగుతాయని చూపించాయి. బిందువు అంచున అణువులు ప్రత్యేకంగా ప్రవర్తించడమే కారణమని ఒక వాదన. తుంపర ఎగురుతూ ఆవిరవుతుంది కాబట్టి మిగిలినదాని గాఢత పెరుగుతుందనీ, వేగంలో కొంత భాగానికైనా అదే కారణమనీ ఇంకో వాదన. నీటి తుంపరల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ దానంతటదే పుడుతుందని 2019లో వచ్చిన ఫలితం మీద కూడా ఇలాగే చర్చ జరిగింది. గాలిలోని ఓజోన్ నీటిలో కరగడం వల్లే అది కనిపిస్తోందని తర్వాత కొందరు ప్రయోగాలతో ప్రశ్నించారు.

పోగు విషయంలో ఈ ఉత్సాహాన్ని యథాతథంగా తెచ్చుకోకూడదు. ద్రవ బిందువులో అణువులు స్వేచ్ఛగా తిరుగుతాయి, పోగులో గొలుసుల మధ్య ఇరుక్కుని ఉంటాయి. పోగు తీసేటప్పుడు ద్రావణి ఆవిరవడం వల్ల గాఢత పెరగడం మాత్రం ఇక్కడా నిజమే. పది శాతం పాలిమర్ ఉన్న ద్రావణం ఆరిపోయాక అందులో కలిపిన రసాయనం దాదాపు పది రెట్లు చిక్కబడుతుంది. కూడలిలో చర్య వేగంగా కనిపిస్తే ముందు ఈ పది రెట్లను లెక్కలోంచి తీసేయాలి.

వేడి విషయంలో మాత్రం చిన్న పాత్రకు తిరుగులేదు. పెద్ద ట్యాంకులో వేడి పుట్టించే చర్య అదుపు తప్పితే లోపలి వేడి బయటికి రావడానికి సమయం చాలదు. పోగు లాంటి సన్నని చోట వేడి పుట్టినవెంటనే ఉపరితలం గుండా పోతుంది. విషపూరితమైన, పేలే స్వభావం ఉన్న పదార్థాలను పరీక్షించాలంటే ఇంతకన్నా సురక్షితమైన పరిమాణం ఉండదు.

## రెండో రకం: పోగు గోడే పనిచేసే చోటు

కూడలి సంగతి పక్కన పెడదాం. ఇక్కడ పోగు మీదో, లోపలో ఉత్ప్రేరకం ఉంటుంది. చర్య జరగాల్సిన ద్రవం పోగుల పొర గుండా పోతుంది. ఉత్ప్రేరకం పల్లేడియం రేణువు కావచ్చు, ఎంజైము కావచ్చు. పనిచేశాక ఉత్ప్రేరకం పోగుతోపాటే ఉండిపోతుంది, వడకట్టే పని తప్పుతుంది. తయారైనది ద్రవంతో పాటు బయటికి వస్తుంది. అంటే రియాక్టర్ చేయాల్సిన మూడో పని ఇక్కడ నెరవేరుతుంది.

రెండు మైక్రాన్ల మందం ఉన్న పోగు ఒక గ్రాము తీసుకుందాం. సాంద్రత నీటితో సమానం అనుకుంటే దాని పొడవు సుమారు 318 కిలోమీటర్లు, ఉపరితలం రెండు చదరపు మీటర్లు. మందం పదో వంతైతే ఉపరితలం 20 చదరపు మీటర్లు. పరిశ్రమలో వాడే రంధ్రాలున్న ఉత్ప్రేరక గుళికల్లో గ్రాముకు ఇంతకన్నా చాలా ఎక్కువ ఉపరితలం ఉంటుంది, కాబట్టి ఉపరితలమే పోగు గొప్పతనం అనడం సరికాదు. అసలు తేడా దారి పొడవులో ఉంది. ఒక మిల్లీమీటరు గుళికలో లోపలి రంధ్రాల దాకా అణువు వెళ్లి రావాలి. రెండు మైక్రాన్ల పోగు మందం అందులో అయిదు వందల వంతు. వర్గం నియమం ప్రకారం వ్యాపన సమయం రెండున్నర లక్షల రెట్లు తగ్గుతుంది.

ఈ లాభానికి సరిగ్గా ఎదురుగా ఒక నష్టం ఉంది, దాన్ని చాలా వ్యాసాలు చెప్పవు. ఖాళీ స్థలం నిష్పత్తి ఒకటే అయితే, పొర గుండా ద్రవాన్ని తోయడానికి ఎదురయ్యే నిరోధం కూడా మందం వర్గానికి విలోమంగా పెరుగుతుంది. అదే అయిదు వందల వంతుకు నిరోధం రెండున్నర లక్షల రెట్లు! పోగుల పొరలో ఖాళీ 80, 90 శాతం దాకా ఉంటుంది, గుళికల మధ్య 40 శాతం చుట్టూ. ఈ తేడా వల్ల నిరోధం దాదాపు వంద రెట్లు, ఖాళీని బట్టి ఇంకా ఎక్కువ కూడా తగ్గొచ్చు. మిగతాది తట్టుకోవాలంటే పొరను పలుచగా చేయాలి. పలుచని పొరలో ద్రవం నిలిచే సమయం తక్కువ, కాబట్టి చర్య వేగమైనదై ఉండాలి. ఈ రకం రియాక్టర్ వేగవంతమైన చర్యలకు సరిపోయి, నెమ్మదైన చర్యలకు సరిపోకపోవడానికి కారణం ఇదే.

## మూడో రకం: గొట్టంలో బతుకుతున్న పనివాళ్లు

సూదిలో సూది పెట్టి ఒకేసారి రెండు ద్రావణాలు వదిలితే, లోపల ఒకటి, పైన తొడుగులా ఇంకోటి ఉన్న పోగు వస్తుంది. దీన్ని సహాక్ష ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. లోపలిది నీళ్లతో చేసిన మెత్తని ద్రావణం, అందులో ఎంజైము లేదా బ్యాక్టీరియా. పైతొడుగు నీళ్లలో కరగని పాలిమర్. తొడుగులో కాస్త నీళ్లలో కరిగే పాలిమర్ కూడా కలిపితే, తర్వాత అది కరిగిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. చివరికి వచ్చేది కొన్ని మైక్రాన్ల గొట్టం. చిన్న అణువులు గోడ గుండా లోపలికి, బయటికి తిరుగుతాయి. పనిచేసేవి లోపలే ఉంటాయి.

ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో ఎయాల్ జుస్మాన్ బృందం ఈ దారిలో చాలా పని చేసింది. 2006లో బ్యాక్టీరియాను, వైరస్‌లను పోగుల్లో బంధించి అవి బతికి ఉంటాయని చూపించింది. వేల వోల్టులు తగిలితే చచ్చిపోవా అని ఎవరికైనా సందేహం వస్తుంది. వోల్టేజి ఎక్కువే గాని ప్రవహించే కరెంటు అత్యల్పం. వాటికి పెద్ద ప్రమాదం విద్యుత్తు కాదు, నీరు క్షణంలో ఆవిరైపోవడం. చుట్టూ ఉన్న ద్రవం ఒక్కసారిగా చిక్కబడితే కణంలోని నీటిని బయటికి లాగేసుకుంటుంది. లోపల తేమ నిలిచే సహాక్ష పద్ధతికి విలువ వచ్చింది ఇందుకే. తర్వాత అదే బృందం, అట్రజిన్ అనే కలుపుమందును విరిచే సూడోమోనాస్ బ్యాక్టీరియాను ఇలాంటి సూక్ష్మ గొట్టాల్లో పెట్టి, నీటిని శుద్ధి చేసే పనికి పరీక్షించింది.

ఇక్కడ రంధ్రం పరిమాణమే కీలకం. బ్యాక్టీరియా దాదాపు ఒక మైక్రాన్, అట్రజిన్ అణువు ఒక నానోమీటరు చుట్టూ. మధ్యలో వెయ్యి రెట్ల తేడా ఉంది కాబట్టి 50 నానోమీటర్ల రంధ్రమైనా, 100 అయినా పని జరిగిపోతుంది. ఎంజైములకు ఆ సౌలభ్యం లేదు. అవి కొన్ని నానోమీటర్లే ఉంటాయి. ఎంజైమును ఆపి, అది మార్చాల్సిన అణువును వదలాలంటే రంధ్రాలన్నీ చాలా ఇరుకైన హద్దులో ఉండాలి. కాస్త పెద్దవైతే ఎంజైము కారిపోతుంది, చిన్నవైతే లోపలికి ఏమీ రాదు.

బంధించి ఉంచడం ఎందుకు అన్న ప్రశ్న మీద కూడా రెండు వైపులా బలమైన కారణాలున్నాయి. నీళ్లలో విడిగా వదిలిన బ్యాక్టీరియా కొట్టుకుపోవచ్చు, ఇతర జీవులకు ఆహారమైపోవచ్చు. జన్యుమార్పిడి చేసినవైతే వాటిని బయటికి వదలడమే వివాదం. గొట్టం ఈ మూడింటికీ జవాబిస్తుంది. మరోపక్క, బతికున్నవి పెరుగుతాయి. పెరిగితే గొట్టం లోపల కిక్కిరిసి, మధ్యలో ఉన్నవాటికి ఆక్సిజన్ అందకపోవచ్చు. బయట నీళ్లలోని ఇతర సూక్ష్మజీవులు తొడుగు మీద జిగురు పొర కట్టి రంధ్రాలను మూసేస్తాయి. ఒక్కచోట గోడ పగిలినా లోపలివి బయటపడతాయి. ప్రయోగశాలలో కొన్ని వారాలు బాగా పనిచేయడం వేరు, మురుగునీటి ట్యాంకులో ఏళ్ల తరబడి నిలవడం వేరు.

## గ్రాము సరుకు కావాలంటే?

రెండు మైక్రాన్లకు ఒక పోగు చొప్పున నిలువుగా, అడ్డంగా పరిస్తే 6.3 సెంటీమీటర్ల చదరంలో దాదాపు వంద కోట్ల కూడళ్లు వస్తాయి. మన లెక్క ప్రకారం ఒక్కోదానిలో 6.3 జెప్టోమోళ్ల చర్య పూర్తిగా జరిగిందనుకుందాం. అణుభారం 300 ఉన్న పదార్థమైతే మొత్తం వచ్చేది సుమారు 1.9 నానోగ్రాములు. ఒక గ్రాము కావాలంటే అలాంటి చదరాలు 50 కోట్లకు పైగా చేయాలి. గాఢతను వెయ్యి రెట్లు పెంచినా అయిదు లక్షల చదరాలు. అదీగాక వచ్చిన పదార్థం పాలిమర్‌లో కూరుకుపోయి ఉంటుంది, దాన్ని తీయాలంటే పోగును కరిగించాలి.

కాబట్టి కూడలి రియాక్టర్ సరుకు తయారీకి కాదు. రెండు రసాయనాలు కలిస్తే ఏమవుతుందో చూడటానికి, తేలిగ్గా దొరకని పదార్థాన్ని కొద్దిపాటితో పరీక్షించడానికి, సెన్సర్లు చేయడానికి అది పనికొస్తుంది. ఇంజినీరింగ్ వైపు నుంచి చూసేవారు 'బయటికి దారి లేనిది రియాక్టర్ ఎలా అవుతుంది' అంటే అందులో న్యాయం ఉంది. చర్య జరిగే చోటును రియాక్టర్ అనడం తమ అలవాటని రసాయన శాస్త్రవేత్తలు అంటే అదీ తప్పు కాదు. పేరు ఏదైనా, ఆ ప్రయోగాన్ని గ్రాముల్లో కొలవడం దానికి అన్యాయం.

రెండో, మూడో రకాలకు మాత్రం గ్రాముల ప్రశ్న అడగాల్సిందే. గంటకు ఒక మిల్లీలీటరు చొప్పున పది శాతం ద్రావణం వదిలే ఒక సూది ఇచ్చేది గంటకు 0.1 గ్రాము పోగు, రోజంతా తిప్పినా 2.4 గ్రాములు. వరసగా ఎన్నో సూదులు పెట్టే యంత్రాలు వచ్చాయి. చెక్ రిపబ్లిక్‌లోని లిబెరెట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతిలో సూదే ఉండదు, తిరిగే స్తూపం మీది పలుచని ద్రావణపు పొర నుంచే ఎన్నో ధారలు లేస్తాయి. హార్వర్డ్‌లో కెవిన్ కిట్ పార్కర్ బృందం 2010లో వోల్టేజి లేకుండా, వేగంగా తిరిగే పాత్ర నుంచి విసిరి పోగులు తీయడం చూపించింది. అయితే సరుకు నింపిన సహాక్ష పోగులను ఈ వేగంతో, ప్రతి మీటరులోనూ లోపలి గొట్టం తెగకుండా తీయడం మామూలు పోగు తీసినంత తేలిక కాదు.

## పోగు అరిగిపోతే నీళ్లలో ఏం మిగులుతుంది

నీటి శుద్ధికి వాడే పోగు నీళ్లలోనే విరిగితే మిగిలేది సూక్ష్మ ప్లాస్టిక్. బట్టల నుంచి రాలే సన్నని పోగులు ఇప్పటికే నదుల్లో, సముద్రాల్లో ఉన్నాయి. వాటికి ఇంకో మూలం కలుపుతున్నామా అన్న ఆందోళన న్యాయమైనదే. అందుకే కొందరు పాలీకాప్రోలాక్టోన్ వంటి జీవవిచ్ఛిన్నమయ్యే పాలిమర్లను కోరుకుంటారు. అవి చివరికి సూక్ష్మజీవుల చేతిలో విరిగిపోతాయి. కానీ మురుగునీటిలో ఉన్నవీ, గొట్టం లోపల ఉన్నవీ సూక్ష్మజీవులే. తొడుగు పని పూర్తికాకముందే తినేస్తే బంధించిన బ్యాక్టీరియా బయటికి వస్తుంది. ఫ్లోరిన్ ఉన్న పాలిమర్లు ఏళ్ల తరబడి చెక్కుచెదరవు, కానీ రాలిన ముక్కలూ అంతకాలం ఉంటాయి. పొరను గట్టి చట్రంలో బిగించి, పని అయ్యాక మొత్తంగా తీసేసే ఏర్పాటు ఉన్నచోట ఫ్లోరిన్ పాలిమరే మెరుగు. తిరిగి తీసుకోలేని చోట, అంటే నేలలో కలపాల్సి వస్తే, జీవవిచ్ఛిన్నమయ్యేది తప్ప దారి లేదు. అప్పుడు తొడుగు మందాన్ని, ఆ కలుపుమందు విరగడానికి పట్టే కాలాన్ని బట్టి ముందే లెక్కగట్టాలి.